దృశ్యమునుండి ధ్వనిని వేరుచేయుట

తపతీతీరమున సూరతు నగరములో లింబాయతు, ఉధనా మొదలగు పేటలయందు సాయంకాలము నడచువారికి తెలుగు మాట వినబడుట వింత కాదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై మరమగ్గములను వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చట తరములుగా నిలిచియున్నవి. నగరపాలక సంస్థ నడపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులును కలవు. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థములు చెప్పు ‘నర్మకోశము’ను 1873లో పూర్తిగా వెలువరించిన నర్మదకవి పుట్టినది ఈ ఊరనే. ఆ ఊరిలోనే మరియొక భాషకు చెందిన మాటలు, పాటలు, కథలు ఏ కోశమునకును ఎక్కక మగ్గముల మ్రోతనడుమ సంచరించుచున్నవి.

భాద్రపద అమావాస్యనాడు బతుకమ్మ మొదలగును. మరునాడే గుజరాతీయుల నవరాత్రి గర్బాకు ఆరంభము. రెండింటను స్త్రీలు వలయముగా తిరుగుచు, చప్పట్లు చరచుచు పాడుదురు. ఈ రెండు వలయములు ఒకే ఊరిలో ప్రక్కప్రక్క వీధులలో తిరుగుట సూరతు చూపు ముచ్చటలలో ఒకటి. కాని ఈ ముచ్చటలో ఒక చిక్కు కలదు. ప్రక్కవీధి లౌడుస్పీకరు హోరులో పెద్దామె ఎత్తుకొన్న ఉయ్యాలపాట దగ్గరనున్న నలుగురికి తప్ప వినబడదు. ఆమె మనుమడు చేతి ఫోనుతో ఆ దృశ్యమును పట్టును. ఆ రాత్రియే అది వాట్సాప్‌లో బంధువులకందరకు చేరును. ఆరు నెలలకు ఫోను నిండును. నిండిన ఫోనులో మొదట తుడిచివేయబడునవి పెద్ద ఫైళ్లు, అనగా వీడియోలు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము 1962లో వ్యవసాయపదములతోను, రెండవది 1971లో చేనేతపదములతోను వెలువడినవి. పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలకు ఏ ప్రాంతమున ఏ రూపము కలదో చూపిన మహత్కార్యమది. అది రాష్ట్రములోని పల్లెలను చూచినది. అదియు చేతిమగ్గమును చూచినది. సిరిసిల్లలో ‘సాంచె’ యని పేరొందిన మరమగ్గము వెంట రాష్ట్రముదాటి పోయిన నేతగాని తెలుగు దాని మేరకు వెలుపలనే యున్నది. ఆ తెలుగును ఇకమీద ఎవరైన సేకరింపబూనినచో వారికి ముడిసరకుగా దొరకునవి కాగితములు కావు, ఫోనులలోని వీడియోలే. కావున వీడియోలోని గొంతును వేరుచేసి భద్రపరచుట యెట్లన్నది యంత్రశాస్త్రజ్ఞుల వ్యవహారమని రచయితలు తప్పించుకొనదగినది కాదు.

ముందుగా వీడియో ఫైలనగా నేమో తెలిసికొనవలెను. బొమ్మయు మాటయు అందులో పడుగు పేకలవలె ఒకదానితో నొకటి అల్లుకొనియుండునని పలువురి భ్రమ. అది వస్త్రము కాదు, పెట్టె. ఆ పెట్టెలో బొమ్మ ఒక కండె, ధ్వని మరియొక కండె. రెండింటి తునుకలు వంతులవారీగా పేర్చియుండును. ఏ తునుక ఏ క్షణమునకు చెందినదో ఒక పట్టికలో వ్రాసియుండును. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, 3జీపీ యనునవి ఈ పెట్టెల పేర్లు మాత్రమే. లోపలి కండెను ఏ విధముగా చుట్టిరనుదానికి వేరు పేరు కలదు. దానిని కోడెక్ అందురు. నేటి ఫోనులలో ధ్వని సాధారణముగా ఏఏసీ అను కోడెక్‌తో చుట్టబడి ఎంపీ4 పెట్టెలో నుండును. ఫైలుపేరు చివర ‘ఎంపీ4’ తుడిచి ‘ఎంపీ3’ అని వ్రాసినంతమాత్రమున వీడియో పాట యైపోదు. పెట్టెమీది చీటీ మారును గాని లోపలి సరకు మారదు.

కండె విడిగానే యున్నప్పుడు దానిని తీసికొనుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, ఉన్నదున్నట్లు ఎత్తి మరియొక పెట్టెలో పెట్టుట. రెండవది, నూలు విప్పి మరియొక తీరున తిరిగి చుట్టుట. మొదటిదానిని ప్రతి యెత్తుట యనవచ్చును, రెండవది మార్పిడి. వాడుకలో ఈ రెండింటికిని ‘వీడియోను ఆడియో చేయుట’ యనియే పేరు. ఇంతలో ఎంతో వ్యత్యాసమున్నదని గుర్తించువారు తక్కువ.

ఫోను ధ్వనిని చుట్టునప్పుడే కొంత పారవేయును. మనిషి చెవికి అంతగా పట్టదని యంత్రము నిర్ణయించిన అంశములను విడిచి, మిగిలినవానిని మాత్రమే నిలుపుటవలన ఫైలు చిన్నదగును. దీనిని విప్పి మరల ఎంపీ3గా చుట్టినచో రెండవ యంత్రము తన లెక్క ప్రకారము మరికొంత పారవేయును. అనువాదకులకు ఈ బాధ తెలియనిది కాదు. చక్రపాణి బెంగాలీ నేర్చి శరత్ నవలలను నేరుగా తెలిగించెను. పెక్కు రష్యన్ నవలలు ఇంగ్లీషు మీదుగా తెలుగునకు వచ్చినవి. రెండును అనువాదములే. కాని రెండవదానిలో ఇంగ్లీషు అనువాదకుడు జారవిడిచినదానిని తెలుగు అనువాదకుడు ఎంతటి ప్రతిభావంతుడైనను తిరిగి తేజాలడు. పైగా తన వంతుగా మరికొంత జారవిడుచును. మార్పిడిపై మార్పిడి జరిగిన ధ్వని యిట్టిదే. దానికి భిన్నముగా, ప్రతి యెత్తిన ధ్వనిలో లేఖకదోషమునకు చోటే లేదు. తాళపత్రముల ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, పాఠములు దిద్దించిన బ్రౌను దొర పడిన శ్రమ ఇచ్చట అక్కరలేదు. నూరవ ప్రతియు మొదటి ప్రతియే.

అయినను ఇంత పట్టుదల యెందుకు? పాటలో మాట తెలిసిన చాలదా యని కొందరడుగుదురు. మాట యనగా నేమని వారిని తిరిగి యడుగవలెను.

తెలుగు లిపి తెలుగు నోటిని పూర్తిగా వ్రాయజాలదు. పరచుకొను చాపలోని చకారము దంత్యము, ‘చెప్పు’లోనిది తాలవ్యము. నీటిలోని చేపను కొందరు ఏకారమును వెడల్పుచేసి, చాపయో యనిపించునట్లు పలుకుదురు. అచ్చు విడువక చెవి ఆ రెండింటిని వేరుపరచును. అచ్చులోనికి వచ్చుసరికి ఏదో ఒకటి తప్పవలెను. దంత్యచజలకు ౘ, ౙ అను చిహ్నములున్నవి గాని వానిని నేడు వాడువారు లేరు. ‘వచ్చాడు’ అన్నప్పుడు వినబడు వివృతాచ్చునకు అక్షరమే లేదు. మాండలికమునందలి జీవమంతయు ఇట్టి చోట్లనే యుండును. బిరుదురాజు రామరాజు 1958లో ప్రకటించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వంటి గ్రంథములు పాటల పాఠములను నిలిపినవి. ఆ పాఠములను పలికిన నోటిని నిలుపుట పుస్తకమునకు శక్యము కాని పని.

సరిగా ఈ భేదములే మార్పిడిలో ముందుగా పోవునవి. ఒక ధ్వనిని సెకనుకు ఎన్ని మారులు కొలిచిరో, అందులో సగము సంఖ్యవరకు గల కంపనములు మాత్రమే ఆ కొలతలకు చిక్కును. నేటి వీడియోలలో సెకనుకు 44,100 లేక 48,000 కొలతలుండును. వినగల ధ్వని యంతయు అందులో ఇమిడిపోవును. పాతకాలపు చిన్న ఫోనులు 3జీపీ పెట్టెలో ఏఎంఆర్ అను కోడెక్‌తో సెకనుకు 8000 కొలతలే తీసికొనెడివి. అనగా 4000 కంపనములకు పైనున్నది శూన్యము. దంత్య సకారపు ఊపిరి చాలవరకు ఆ గీతకు పైననే యున్నది. ఫోనులో ‘స’ ఏదో ‘ఫ’ ఏదో తెలియక పేరును అక్షరమక్షరముగా చెప్పవలసివచ్చిన అనుభవము ప్రతివారికిని ఉన్నదే. మంచి ఫోనుతో పట్టిన ధ్వనిని చేజేతుల తక్కువ పరిమాణపు ఎంపీ3గా మార్చినప్పుడు, ఫైలును చిన్నది చేయుటకై యంత్రము మొదట కోయునవి ఈ పైకంపనములనే. దంత్య చకారములోని సీత్కారమును ఆ కోతలోనే పలుచనగును. లిపి విడిచినదానిని గొంతు కాపాడుననుకొన్న ఆశ అక్కడ భగ్నమగుచున్నది.

ఇక పనిముట్ల మాట. ఈ పనికి డబ్బిచ్చి కొనవలసినది ఏదియు లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమమునుండి ‘స్వేచ్ఛా సాఫ్టువేరు’ అను భావము లోకమునకు పరిచితమైనది. స్వేచ్ఛ యనగా ఉచితమని కాదు. ప్రోగ్రామును ఏ పనికైనను నడుపుటకు, లోపల ఏమున్నదో చదువుటకు, మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు అనుమతి. కొలదిమంది పండితుల ఇంటిలో తాళమువేసి యుంచిన గ్రంథమునకును, ఎవరైన ప్రతి వ్రాసికొనదగిన గ్రంథమునకును గల తేడా యిది. సాహిత్యపరులకు ఇంతకన్న వివరణ అక్కరలేదు.

ఇందులో ప్రధానమైనది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రిస్ బెలార్ 2000లో దీనిని ఆరంభించెను. పిమ్మట ఎందరో చేయిచేసికొని పెంచిరి. దీనికి బొమ్మలు, మీటలు లేవు. ఆజ్ఞను అక్షరములతో వ్రాసి ఇయ్యవలెను. అందుచేత చూచినంతనే జంకు పుట్టించును గాని ఆజ్ఞ ఒక్క పంక్తియే. మొదట ప్రోగ్రాము పేరు. తరువాత చిన్న అడ్డుగీత పెట్టి ‘ఐ’ అను అక్షరము, దాని ప్రక్క వీడియో ఫైలు పేరు. తరువాత అడ్డుగీతతో ‘వీఎన్’. బొమ్మ వలదని దీని యర్థము. తరువాత అడ్డుగీతతో ‘సీ’, రెండు చుక్కలు, ‘ఏ’ కలిపి వ్రాసి, ఎడమిచ్చి ‘కాపీ’ అనవలెను. చివర క్రొత్త ఫైలునకు పెట్టదలచిన పేరు. ఈ యక్షరములన్నియు ఇంగ్లీషు చిన్నబడి అక్షరములతోనే వ్రాయవలెను. ఆ పంక్తిలో ప్రాణము ‘కాపీ’ అను మాటలో నున్నది. దానిని విడిచినచో యంత్రము ఏమియు చెప్పకయే మార్పిడికి పూనుకొనును. ఫైలు వచ్చును, పాటయు వినబడును, నష్టము మాత్రము తెలియదు.

క్రొత్త ఫైలు పేరు చివర ఏమి వ్రాయవలెనన్నది లోపలి కోడెక్‌ను బట్టి యుండును. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో కలిసి వచ్చు ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ అను చిన్న ప్రోగ్రామునకు వీడియో పేరు చెప్పిన లోపలి కండెల వివరము చూపును. ఏఏసీ యున్నచో ‘ఎం4ఏ’ అని ముగింపవలెను. ఏదియు తోచనప్పుడు ‘ఎంకేఏ’ అను పెట్టెలో పెట్టవచ్చును. అది ఇంచుమించు ఏ కోడెక్‌నైనను కాదనదు.

లెక్క ఒకటి చూచిన విషయము తేటపడును. నలుబది నిమిషముల కథను నిమిషమునకు 100 మెగాబైట్ల చొప్పున వీడియో తీసినచో అది 4000 మెగాబైట్లు. అందులోని ధ్వని సెకనుకు 128 కిలోబిట్ల ఏఏసీ యైనచో, వేరుచేసిన ఫైలు 38 మెగాబైట్లు మాత్రమే. నూరింట ఒక వంతైనను లేదు. తిరిగి చుట్టు పని లేదు గనుక ఇది జరుగుటకు కొలది క్షణములు చాలును. చిన్నదగుటకై ఎంపీ3 చేయవలెనను వాదమునకు ఇచ్చట ఆధారమే లేదు. అది అప్పటికే చిన్నది.

ఆజ్ఞలు వ్రాయుటకు ఇష్టపడనివారికి లాస్‌లెస్‌కట్ అను ప్రోగ్రాము కలదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నే లోపల నుంచుకొని పైన మీటలు అమర్చినది. వీఎల్‌సీ పేరు చాలమందికి తెలియును. పారిసు నగరపు ఎకోల్ సాంట్రాల్ విద్యార్థులు 1996లో మొదలిడిన ప్రయత్నమునుండి పుట్టి, 2001లో స్వేచ్ఛా లైసెన్సు పొందినది. దానితోను ధ్వనిని తీయవచ్చును. కాని దానియందు సిద్ధముగా నున్న పద్ధతులు మార్పిడి పద్ధతులే. ప్రొఫైలు దిద్దుచోట ధ్వని పుటలో ‘మూలధ్వనిని అట్లే యుంచుము’ అను అర్థముగల గడిని గుర్తింపవలెను. ఎక్కువమంది అంతదూరము పోరు.

ఒడాసిటీ వేరు జాతికి చెందినది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మొదలై, మరుసటి యేట వెలువడిన ఈ ప్రోగ్రాము ధ్వనిని కోయుటకు, అతుకుటకు, శుభ్రపరచుటకు ఉద్దేశింపబడినది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తోడున్నచో ఇదియు వీడియోను తెరచి ధ్వనిని చూపును. అయితే ఇది కండెను పూర్తిగా విప్పిన తరువాతనే పని ఆరంభించును. విప్పినదానిని మరల ఎంపీ3గా చుట్టక, ఏమియు పారవేయని ఫ్లాక్ రూపమున దాచినచో క్రొత్తనష్టము రాదు. ఫైలు మాత్రము పెద్దదగును. పని యొక్కటే చాలుననుకొనువారు ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ప్రతి యెత్తి, ఆ ప్రతికి ప్రతి తీసి, దానిని ఒడాసిటీలో తెరచుట మేలు.

సూరతు రికార్డులను శుభ్రపరచదలచువారికి ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మరమగ్గముల మ్రోత వెనుక నుండుటచేత హోరు తగ్గించు ఉపకరణమును వాడవలెననిపించుట సహజము. హోరును తగ్గించు యంత్రమునకు సంగీతము తెలియదు, వ్యాకరణము తెలియదు. స్వరము లేక బుసబుసలాడునదెల్ల దానికి హోరే. శషసహలను మన వైయాకరణులు ఊష్మములన్నారు. ఊపిరి రాపిడియే వాని స్వరూపము. యంత్రము మగ్గపు రొదతోపాటు వానిని కూడ తుడిచివేయగలదు. వినుటకు హాయిగానుండును. పరిశోధనకు మాత్రము పనికిరాదు. శుభ్రపరచినది వినువారికి, మూలము, మ్రోతతోసహా, దాచువారికి. ఆ మ్రోతయు సాక్ష్యమే. సూరతులో తెలుగు ఏ రొదనడుమ బ్రతికినదో అది చెప్పును.

ఇంటర్నెట్టులో ‘ఇక్కడ వీడియో పెట్టుడు, ఎంపీ3 తీసికొనుడు’ అను సేవలు కొల్లలు. ఇంటివారి గొంతులను, పెండ్లి తంతులను, ఒక్కొక్కప్పుడు శోకములను ఊరు పేరు తెలియని యంత్రములకు అప్పగించుట దీని అర్థము. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను మూలముగా భావించుటయు పొరపాటే. మామూలు పద్ధతిన పంపిన వీడియో దారిలోనే తిరిగి చుట్టబడును. డాక్యుమెంటుగా జతచేసి పంపినచో మారదు. ఫోనునుండి తీగతో కంప్యూటరునకు ఎక్కించుట అన్నింటికంటె నమ్మదగినది.

ఇంతవరకు గొంతును విడదీయుటనుగూర్చి చెప్పబడినది. విడదీయుటవలన పోవునదియు ఒకటి కలదు. పద్మశాలీయుల విషయమున అది మరింత తీవ్రమైనది.

పద్మశాలీయులకు తమ కులపురాణమును గానముచేసి వినిపించువారు కూనపులివారు. మార్కండేయుని, భావనర్షిని గూర్చిన ఆ కథను వారు పటము చూపుచు చెప్పుదురు. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడుగుపాటి పటమును క్రమక్రమముగా విప్పుచు, ఆయా బొమ్మను చూపుచు, కొంత పాడి కొంత వచనముగా నడుపు కథ యది. అందులో ‘ఇదిగో’ అను మాటకు అర్థము గొంతులో లేదు, కథకుని చేతిలో నున్నది. ‘ఈయన’ ఎవరో, ‘ఆ ప్రక్క’ యేదో, ‘ఇంత’ యెంతయో పటము చెప్పును. అట్టి కథ స్వగ్రామమున జరిగినప్పుడు చుట్టములెవరో వీడియో తీసి సూరతునకు పంపినారనుకొందము. దానినుండి ధ్వనిని నిర్దోషముగా తీసి, స్థలము చాలదని వీడియోను తుడిచివేసినచో, మిగిలినది చూపుడువ్రేలు తెగిన కథ. సర్వనామములన్నియు అనాథలగును.

అందుచేత తీసిన ధ్వనిని మూలమునకు మారుగా కాక తోడుగా భావింపవలెను. ఎత్తివ్రాయుటకు, మాటిమాటికి వినుటకు, ఊళ్లకు పంపుటకు 38 మెగాబైట్ల ఫైలు. సందేహము వచ్చినప్పుడు చూచుటకు 4000 మెగాబైట్ల ఫైలు. ప్రతి యెత్తిన ధ్వనిలో కాలము మారదు గనుక, ధ్వనిలో పండ్రెండవ నిమిషమున నలుబదవ సెకనులో వచ్చిన ‘ఇదిగో’కు బొమ్మ, వీడియోలో అదే చోట దొరకును. నెదర్లాండ్సులోని నైమేగన్ పట్టణమునందలి మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థవారి ఎలాన్ అను స్వేచ్ఛా ప్రోగ్రాము ఈ పనికే పుట్టినది. తెరమీద ఒకవైపు బొమ్మ, క్రింద ధ్వని యలలు, ఆ క్రింద ఎత్తివ్రాసిన మాట, మరియొక వరుసలో చేతి సంజ్ఞ, ఇంకొక వరుసలో అర్థము. ఎన్ని వరుసలైనను కాలరేఖకు కట్టి వ్రాసికొనవచ్చును. వ్యాఖ్యానసహితముగా కావ్యమును ప్రకటించు సంప్రదాయము గలవారికి ఇది క్రొత్తగా తోచదు.

ఫోనులకు పూర్వపు రికార్డులను మరువరాదు. పెండ్లిళ్లు, జాతరలు వీసీడీలకెక్కిన కాలమొకటి గడచినది. ఆ బిళ్లలో ‘డాట్’ అను పేరుగల ఫైలున్నది. లోపలి ధ్వని ఎంపీ2 అను కోడెక్‌తో సెకనుకు 224 కిలోబిట్ల లెక్కన చుట్టినది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దీనినికూడ ప్రతి యెత్తగలదు. డీవీడీలో కొన్నిచో ఒకే బొమ్మకు రెండు మూడు భాషల ధ్వనులుండును. చెప్పనియెడల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఎక్కువ చానెళ్లుగల ధ్వనిని తానై యెంచుకొనును. అది తెలుగే కావలెనన్న నియమము లేదు. ‘మ్యాప్’ అను ఆజ్ఞతో కావలసినదానిని పేర్కొనవలెను. లెక్క సున్నతో మొదలగునన్నది జ్ఞాపకముంచుకొనవలెను. మొదటి ధ్వనికి సున్న, రెండవదానికి ఒకటి. ఈ బిళ్లలు కలకాలము నిలుచునవి కావు. 2006 ఆగస్టులో తపతి పొంగినప్పుడు సూరతు నగరమున చాలభాగము నీట మునిగెను. ఇంటి అటకమీది ఒక్క ప్రతిపై ఆధారపడుట ఎంతటి సాహసమో ఆ ఊరివారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

గొంతునకు యజమాని కలడనునది మరియొక విషయము. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకుల హక్కులను స్పష్టముగా గుర్తించినది. నేడు ఆ హక్కు ప్రదర్శన జరిగిన సంవత్సరము గడచిన పిమ్మట 50 ఏండ్లు నిలుచును. స్వంతముగా చదువుకొనుటకు, పరిశోధనకు వినుట వేరు, ప్రకటించుట వేరు. కథకుని అనుమతి లేక ఆయన పాటను ఊరూర పంచుట, సాఫ్టువేరు స్వేచ్ఛతో వచ్చినదని సమర్థించుకొనదగినది కాదు. శ్రీశ్రీ స్వదస్తూరితో ‘మహాప్రస్థానం’ 1981లో లండనునందు వెలువడినప్పుడు, ఆయన స్వయముగా చదివిన కాసెట్టును దాని వెంట వచ్చినది. గొంతును గ్రంథముతో సమానముగా గౌరవించిన సందర్భమది. కూనపులి కథకునకు, ఉయ్యాలపాట పాడు పెద్దమ్మకు దక్కవలసినదియు అట్టి గౌరవమే.

తీసిన ఫైలునకు పేరు పెట్టుటలో సామాన్యముగా అశ్రద్ధ జరుగును. ఫోను తానై యిచ్చిన అంకెల పేరుతోనే అది యేండ్లతరబడి పడియుండును. పాడినవారి పేరు, వయస్సు, పాడిన చోటు, తేదీ, రికార్డు చేసినవారు, ఇచ్చిన అనుమతి, ఏ వీడియోనుండి ఎప్పుడు తీసినది, ప్రతి యెత్తినదా మార్చినదా యను వివరములు ప్రక్కన ఒక చిన్న కాగితములోనో ఫైలులోనో వ్రాసిపెట్టుటకు అయిదు నిమిషములు చాలును. వానిలోనెల్ల ముఖ్యమైనది ఆమె పుట్టినయూరు. పాడినది లింబాయతులోనే యైనను, ఆమె సిరిసిల్ల ప్రక్క పల్లెనుండి వచ్చినదా, జనగామ ప్రక్క పల్లెనుండి వచ్చినదా యను సంగతి ఆ కాగితమున లేకున్నచో, అంత జాగ్రత్తగా దక్కించుకొన్న ఆ దంత్యచకారము ఎచ్చటిదో తరువాత వినువాడు చెప్పలేడు.